పలుచని గొట్టముల కోత – బోరు గల రైతులకు కొన్ని సూచనలు

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ముఖ్యముగా వరికుంటపాడు, ఉదయగిరి, దుత్తలూరు ప్రాంతములలో, రైతునకు ఇనుప గొట్టముతో గల సంబంధము నాగలితో గల సంబంధమునకు ఏమాత్రము తీసిపోదు. బోరులో మోటారును మోయుచున్నది గొట్టము. బిందుసేద్యపు ఫిల్టరు నిలిచియున్న స్టాండు గొట్టము. బీర, కాకర పందిళ్లకు పాతిన గుంజలు, పశువుల కొట్టము గేటు, ట్రాక్టరు వెనుక బిగించు మందు చల్లు సాధనపు చట్రము, వెలిగొండల అంచు గ్రామములలో అడవిపందులను ఆపుటకు వేయు కంచె స్తంభములు, ఇవన్నియు గొట్టములే. వీటిలో దేనినైనను ఎప్పుడో ఒకప్పుడు కోయక తప్పదు. కాని ఆ కోత విషయమై ఆలోచించు రైతులు అరుదు. రెండు ముక్కలైన చాలును గదా, ఎవరు కోసిన నేమి, దేనితో కోసిన నేమి అని మన అభిప్రాయము.

ఆ అభిప్రాయము ఎంత ఖరీదైనదో చూడుడు. ఈ మధ్య ఒక రైతు మోటారు రాయితీ గురించి విచారించుటకు వచ్చుచు, చేతిలో జానెడు గొట్టపు ముక్క పట్టుకొని వచ్చెను. ఆయన బోరులోని గొట్టములలో ఒకదానికి కొన తుప్పుపట్టి మరలు చెడినవి. చెడిన కొనను కోయించి, కొత్త మర వేయించి తిరిగి దింపినారు. కొన్ని నెలలు నీరు బాగుగానే వచ్చినది. ఒకనాటి తెల్లవారుజామున మోటారు వేయగానే బోరులో పెద్ద చప్పుడైనది. పై గొట్టములు చేతికి వచ్చినవి, క్రింది గొట్టములు మోటారుతో కూడ అడుగునకు జారినవి. గాలములు వేసి నాలుగు దినములు లాగించినను రాలేదు. కాపుమీదనున్న బత్తాయి చెట్లకు నీరు లేకపోయినది. ఆయన తెచ్చిన ముక్కను మూలమట్టముతో చూచితిని. కోత ఒకవైపునకు రెండు మిల్లీమీటర్లకు పైగా వాలియున్నది. మర ఆ వాలుకు లోబడి ఒరిగినది. ఒక ప్రక్క మరలు లోతుగా తెగి గోడ కాగితమువలె మిగిలినది, రెండవ ప్రక్క పైపైన గీతలు మాత్రమే పడినవి. సాకెట్టు పట్టినట్లే కనబడినది, కాని ఒకే ప్రక్కన పట్టినది. 

అందువలన ఈ వ్యాసములో పలుచని గోడగల గొట్టమును ఎట్లు కోయవలెనో కొంచెము వివరముగా చెప్పదలచితిని. మీలో చాలమందికి సొంత వర్కుషాపు ఉండదు. అయినను కోయించుకొనువాడు మీరే గనుక, ఏది మంచి కోతయో ఏది కాదో మీకు తెలిసియుండవలెను. 

గొట్టములో ఇనుము ఎంత?

అంగుళమున్నర జి.ఐ. గొట్టమును తీసికొనుడు. దాని వెలుపలి వ్యాసము 48.3 మిల్లీమీటర్లు. భారత ప్రమాణము 1239 ప్రకారము ఇది మూడు తరగతులు. పసుపు గీత గలది తేలిక రకము, దాని గోడ 2.9 మిల్లీమీటర్లు. నీలి గీత గలది మధ్య రకము, 3.2 మిల్లీమీటర్లు. ఎర్ర గీత గలది బరువు రకము, 4 మిల్లీమీటర్లు. అంగడిలో మూడును ఒకే లావుగా కనబడును. గీత చూడకుండ కొనినవాడు చవుకయని పసుపు గీతనే ఇంటికి తెచ్చుకొనును.

ఈ గొట్టమునకు వేయు మర లోతు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. కనుక మర అడుగున మిగులు ఇనుము పసుపు గీత గొట్టములో 1.4, నీలి గీతలో 1.7, ఎర్ర గీతలో 2.5 మిల్లీమీటర్లు మాత్రమే. మర సరిగా నడిమికి పడినప్పటి లెక్క ఇది. అది అర మిల్లీమీటరు ఒక ప్రక్కకు ఒరిగినచో, నీలి గీత గొట్టములో ఆ ప్రక్కన మిగులునది 1.2 మాత్రమే.

ఇక ఆ పలుచని అంచు మోయు బరువు చూడుడు. నీలి గీత గొట్టము మీటరుకు 3.56 కిలోల బరువు. 300 అడుగులు దింపినచో గొట్టములే 325 కిలోలు. లోపల నిలిచియున్న నీరు మరి 125 కిలోలు. మోటారు, కేబులు బరువులు విడిచినను నాలుగున్నర క్వింటాళ్లు అన్నింటికంటె పైనున్న సాకెట్టు మరలపై వ్రేలాడుచుండును. మోటారు మొదలైన ప్రతిసారియు ఆ గొట్టమును మెలివేయుటకు చూచును. బోరుకు పసుపు గీత గొట్టము పనికిరాదని నా అభిప్రాయము. గేటుకో పందిరికో వాడుకొనుడు, బోరులో దింపవద్దు.

పళ్ల లెక్క

వడ్రంగి దుంగ కోయుటకు పెద్ద పళ్ల రంపమును, సన్నని పలక కోయుటకు చిన్న పళ్ల రంపమును వాడును. ఉదయగిరిలో చెక్క చెంచాలు చేయు పనివారిని చూచినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. ఇనుము విషయములో మాత్రము మనము ఈ సంగతి మరచి, దొరికిన బ్లేడుతో దొరికినదెల్ల కోయుదుము.

సూత్రము చిన్నది. కోతలో ఎల్లప్పుడు కనీసము మూడు పళ్లు లోహముమీద ఆనియుండవలెను. గోడ మందము రెండు పళ్ల మధ్య దూరముకంటె తక్కువైనచో, గోడ అంచు పోయి రెండు పళ్ల నడిమి సందులో పడును. తరువాత పన్ను ఆ అంచును కోయదు, గుద్దుకొనును. పన్ను విరుగును, లేదా గొట్టము అంచు చిరుగును. ఒక పన్ను విరిగినచో దాని పని వెనుక పన్నుపై పడి అదియు విరుగును. ఒక నిమిషములో జానెడు బ్లేడు బోడిదగును. పలుచని గొట్టమును కోయునప్పుడు బ్లేడు పాడగుట ఇనుము గట్టిదనము వలన కాదు. ఆ బలమంతయు ఒకటి రెండు పళ్లమీద పడుట వలన.

అంగుళమునకు 18 పళ్లుగల బ్లేడులో పన్నుకు పన్నుకు దూరము 1.4 మిల్లీమీటర్లు, 24 పళ్లుగల దానిలో దాదాపు 1.06. నీలి గీత గొట్టము గోడ 3.2 గనుక 24 పళ్ల బ్లేడుతో సరిగా మూడు పళ్లు ఆనును. 18 పళ్లదానితో రెండుకు కొంచెము ఎక్కువ. 10 పళ్ల బ్లేడుతో ఒకటి. పశువుల గేటుకు వాడు 1.6 మిల్లీమీటర్ల చదరపు గొట్టమునకు 24 పళ్ల బ్లేడు కూడ ఒకటిన్నర పన్నును మాత్రమే ఆనించును. చేతి హాక్సాలో 32 పళ్ల బ్లేడు దొరకును, పలుచని రేకుకు అదియే తగును.

అయితే ఎంత సన్న పళ్లైన అంత మంచిదా? అదియు కాదు. గుండ్రని గొట్టములో బ్లేడు దిగుచున్నకొలది ఆనించు పొడవు మారుచుండును. మొదట బ్లేడు గొట్టము నడినెత్తిన ఆనును. గోడ పూర్తిగా తెగి లోపలి ఖాళీ కనబడు క్షణమున ఆ గాటు పొడవు, అంగుళమున్నర నీలి గీత గొట్టములో, 24 మిల్లీమీటర్లు ఉండును. అంటే 24 పళ్ల బ్లేడులో 22, 23 పళ్లు ఒకేసారి కోయుచుండును. ఆ సన్న పళ్ల సందులలో రజను నిండి బయటికి పోలేక బ్లేడు రాచుకొని వేడెక్కును. 24 పళ్లకు మించి ఒకేసారి ఆనరాదని ఒక పై హద్దు ఉన్నది. పైనుండి ఆరు మిల్లీమీటర్లు దిగిన చోట ఒక్కొక్క గోడ సుమారు 5.5 మిల్లీమీటర్లే ఉండును. గొట్టము నడుమకు వచ్చునప్పటికి 3.2. పై భాగము కోయునప్పుడు ఎంత ఒత్తిడి పెట్టితిరో అంతే ఒత్తిడి నడుమ కూడ పెట్టినచో, అప్పుడు 20కి పైగా పళ్లు పంచుకొనిన బలమును ఆరు పళ్లు మోయవలసివచ్చును. పళ్లు ఎక్కువగా విరుగునది ఇక్కడనే. చేతితో కోయువారికి మొదట గట్టిగాను, తరువాత ఒక్కసారి సులువుగాను తోచును. సులువైనదని త్వరపడుదురు. అక్కడ నెమ్మదింపవలెను.

కనుక బోరు గొట్టములకు 18 పళ్ల బ్లేడు, నడుమ ఒత్తిడి తగ్గించి, వాడుట మంచి రాజీ. 24 పళ్లదైనచో మొదటి గాటును నెమ్మదిగా, నూనె వేయుచు సాగనీయవలెను. బ్లేడు తయారుచేయువారి పట్టికలలో మూడు మిల్లీమీటర్ల గోడకు 10–14 పళ్ల మిశ్రమ బ్లేడు కనబడవచ్చును. ఒత్తిడిని హైడ్రాలిక్ పద్ధతిన అదుపుచేయు పెద్ద యంత్రములకు అది సరిపోవును. తన బరువుతో తానే క్రిందికి దిగు చిన్న యంత్రమునకు మాత్రము సన్న పళ్లవైపే మొగ్గుడు.

బ్యాండ్‌సా యంత్రము

బ్యాండ్‌సా అనగా పట్టీ రంపము. రెండు చక్రములమీద చుట్టిన అంతులేని ఉక్కు పట్టీకి ఒక అంచున పళ్లుండును. చక్రములు తిరుగుచుండ పట్టీ ఒకే దిశలో సాగి కోయును. ఈ ఆలోచనకు ఇంగ్లండులో విలియం న్యూబెరీ 1808లో పేటెంటు పొందెను. కాని పట్టీ కొనలను తెగకుండ అతుకుట చాలకాలము సాధ్యపడలేదు. 1846లో ఆన్ పౌలిన్ క్రెపిన్ అను ఫ్రెంచి స్త్రీ అతుకు విధానము కనిపెట్టిన తరువాతనే ఇది పనిముట్టైనది.

చేతి హాక్సాలో వెనుకకు లాగునప్పటి శ్రమ వృథా. బ్యాండ్‌సాలో ఆ వృథా లేదు. కోత చల్లగా జరుగును, తరుగు సన్నము, అంచు నునుపు. చిన్న వర్కుషాపులలో కనబడు అడ్డ బ్యాండ్‌సాకు సాధారణముగా అర అంగుళము వెడల్పు, 64½ అంగుళముల పొడవు పట్టీ వేయుదురు. దీనికి మూడు వేగములుండును: నిమిషమునకు సుమారు 24, 36, 60 మీటర్లు. మామూలు జి.ఐ. గొట్టమునకు సాధారణ కార్బను ఉక్కు పట్టీతో నడిమి వేగము, బైమెటల్ పట్టీతో పై వేగము పెట్టవచ్చును. స్టెయిన్‌లెస్ గొట్టమునకు తక్కువ వేగము, అల్యూమినియమునకు హెచ్చు వేగము. బెల్టు మార్చుటకు సోమరించి అన్నింటిని ఒకే వేగమున కోయు పనివారు కలరు. వేగమెంత పెట్టినారని అడుగుటకు మీరు మొగమాటపడవలదు.

కోత వాలుటకు కారణములు ఇవి: పట్టీ మొద్దుబారుట, పట్టీ బిగువు చాలకపోవుట, పట్టీని నిలిపి ఉంచు గైడులు గొట్టమునకు దూరముగా ఉండుట, వైసు దవడ పట్టీకి మూలమట్టముగా లేకుండుట, చట్రమును చేతితో నొక్కుట. గైడులు గొట్టమునకు రెండు ప్రక్కల వీలైనంత దగ్గరగా జరిపి బిగింపవలెను. ఇది అర నిమిషము పని. అయినను పెద్ద ఇనుము కోసిన తరువాత గైడులను జరుపకుండ గొట్టమును పెట్టుట నేను చూచుచునేయున్నాను. ఆ వెడల్పు సందులో పట్టీ మెలితిరిగి తన యిష్టము వచ్చినట్లు పోవును.

ఒత్తిడి సరిగా ఉన్నదా అని రజను చెప్పును. పిండివంటి పొడి రాలుచున్నచో పళ్లు కోయుటలేదు, రాచుకొనుచున్నవి. ఒత్తిడి కొంచెము పెంచవలెను, లేదా పట్టీ మొద్దుబారినది. నీలిరంగు తిరిగిన ముతక ముక్కలు వచ్చుచున్నచో ఒత్తిడి మితిమీరినది. చిన్నచిన్న చుట్టలుగా, చేతికి వెచ్చగా మాత్రమే తగులు రజను మంచి కోతకు గుర్తు. రజనును యంత్రము ఆపి చూడవలెను సుమా, నడుచుచుండగా వ్రేలు పెట్టరాదు.

కోయుచుండగా పన్ను విరిగినట్లు టక్కున చప్పుడు వినబడినచో వెంటనే ఆపవలెను. విరిగిన ముక్క గాటులో చిక్కుకొని యుండును, దానిని తీయనిదే సాగించినచో మిగిలిన పళ్లను అది తినివేయును. క్రొత్త పట్టీ వేసినప్పుడు పాత గాటులో దింపరాదు. గొట్టమును త్రిప్పి మరొకవైపునుండి మొదలుపెట్టవలెను. క్రొత్త పట్టీతో మొదటి కొన్ని కోతలు సగము ఒత్తిడితో కోసినచో అది చాలకాలము నిలుచును.

పట్టుకొను విధము

పలుచని గొట్టమును వైసులో బిగించుటయే పెద్ద నేర్పు. వదులుగా పట్టినచో కోతలో తిరిగి పళ్లను విరుచును. గట్టిగా పట్టినచో నొక్కుకొనిపోయి కోడిగ్రుడ్డువలె అగును, ఆపైన డై ఎక్కదు. రెండు చెక్కదిమ్మెలకు నడుమ గాడి తీసి, గొట్టమును ఆ గాడులలో కూర్చుండబెట్టి బిగింపుడు. ఒత్తిడి చుట్టును పంచుకొనబడును. తుంపర సేద్యమునకు పూర్వము విరివిగా వాడిన అల్యూమినియము గొట్టములు, స్ప్రేయరు లాన్సుల వంటి మరీ పలుచనివాటిలో సరిపోవు కర్రముక్కను దూర్చి, కర్రతో కూడ కోయుట ఉత్తమము. కర్ర లోపలినుండి గోడను నిలుపును, పళ్లను గూడ కాపాడును.

చదరపు గొట్టమును బల్లపరుపుగా పెట్టినచో, మొదట 25 మిల్లీమీటర్ల పై పలక అంతయు ఒకేసారి బ్లేడుకు ఆనును. అది తెగగానే రెండు 1.6 మిల్లీమీటర్ల అంచులు మాత్రము మిగులును. చివర మరల 25 మిల్లీమీటర్లు. ఇట్టి హెచ్చుతగ్గులు పళ్లకు మంచివి కావు. అదే గొట్టమును మూల పైకి వచ్చునట్లు, అనగా వజ్రాకారముగా, గాడిచెక్కలో నిలిపినచో ప్రతి గోడయు ఏటవాలుగా తెగి 2.3 మిల్లీమీటర్లు ఆనును, మొదటినుండి చివరిదాక భారము చాలవరకు ఒకటిగానే ఉండును. గాడిచెక్క లేకుండ వజ్రాకారముగా పెట్టుటకు ప్రయత్నింపకుడు, అది జారును. యాంగిలు ఇనుమును ఇంటికప్పువలె మూల పైకి, రెండు రెక్కలు క్రిందికి వచ్చునట్లు పెట్టవలెను.

పందిరి గుంజలవంటి ఒకే కొలత ముక్కలు అనేకము కావలసినప్పుడు నాలుగైదు గొట్టములను కట్టగా పెట్టి ఒకేసారి కోయవచ్చును. కాని నడిమి గొట్టము వైసు దవడలకు అందదు గనుక తిరుగుచుండును. కట్ట దూరపు కొనలో గొట్టములను ఒకదానికొకటి చిన్న వెల్డింగు చుక్కతో అతికించిన తిరుగవు. ఆ కొనను తరువాత తరుగుగా తీసివేయవచ్చును.

చేతి హాక్సాతో

బ్యాండ్‌సా అందుబాటులో లేనిచోట చేతి హాక్సాతో కూడ నిలువైన కోత కోయవచ్చును. ఓపిక కావలెను, అంతే. ఒక కాగితపు పట్టీని, నోటుపుస్తకపు అట్టయైనను సరే, గొట్టము చుట్టును త్రిప్పి రెండు అంచులు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చుండునట్లు చేయుడు. ఆ అంచు వెంబడి సుద్దతోనో మేకుతోనో గీయుడు. అది గొట్టమునకు నిలువైన గీత. 24 పళ్ల బ్లేడును, పళ్లు ముందుకు చూచునట్లు, బిగించి, గోడ మందము మాత్రము తెగునంతవరకు కోసి, గొట్టమును కొంచెము త్రిప్పి, పాత గాటులోనే బ్లేడు కూర్చుండునట్లు మరల కోయుడు. ఇట్లు చుట్టును త్రిప్పుచు కోసినచో నడుమ సులువైన చోట బ్లేడు దూకు ప్రమాదమే ఉండదు. నిమిషమునకు యాభై తోపులకు మించి తోయనక్కరలేదు. 

కటింగు చక్రమును గురించి

ఇప్పుడు గ్రామములలో ఎక్కువగా జరుగుచున్నది గ్రైండరు చక్రముతో కోత. త్వరితమైనది, చవుకైనది, కాదనను. కాని జి.ఐ. గొట్టముమీది జింకు పూత 420 డిగ్రీలకే కరగును, 907 డిగ్రీల వద్ద ఆవిరియగును. నిప్పురవ్వలు వచ్చు కోతలో అంచు వద్ద పూత కాలిపోయి, మరుసటి వానకాలమునకు అక్కడనే తుప్పు మొదలగును. ఆ తెల్లని పొగను మూసిన గదిలో పీల్చిన పనివానికి సాయంత్రమునకు చలిజ్వరము వచ్చుట కలదు. చక్రమును చేతితో పట్టి కోసినందున కోత నిలువుగా ఉండుట అరుదు. అన్నింటికంటె ముఖ్యము, ఆ రవ్వలు చాలదూరము ఎగురును. వేసవిలో గడ్డివామి దగ్గర, కంది కట్టె కుప్ప దగ్గర, ఎండిన కసవుమీద గ్రైండరు నడుపుట అగ్గిపెట్టెతో ఆడుకొనుటయే. కంచె పని పొలములో చేయవలసివచ్చినప్పుడు గొట్టములను ముందుగానే కొలిచి వర్కుషాపులో కోయించి తీసికొనిపొండు. తప్పనిచో చుట్టును కసవు చెక్కి, నేల తడిపి, రెండు బిందెల నీరు దగ్గరనుంచుకొని, పని ముగిసిన అరగంటవరకు అచ్చటినుండి కదలకుడు. కంచె స్తంభముల మాట వచ్చినది గనుక: ఆ తీగలకు ఇంటి కరెంటు కలుపుట నేరము, ప్రాణాంతకము, పందికంటె ముందు మనిషి పడును.

కోసిన తరువాత

కోత ఎంత మంచిదైనను అంచున బర్రు లేచియుండును. లోపలి బర్రును అర్ధచంద్రపు ఆకురాయితోనో, రీమరుతోనో తీసివేయవలెను. లేనిచో అది నీటికి అడ్డుపడును. ఊడిపోయి నీటివెంట వచ్చినచో బిందుసేద్యపు ఫిల్టరులో చేరును. వెలుపలి అంచును కొంచెము ఏటవాలుగా రాచినచో డై నిలువుగా ఎక్కుట సులువగును. డైకి వెనుకనుండు గైడు అరిగిపోయి వదులుగా ఉన్నదేమో చూడుడు. కోత వాలి, గైడు వదులై, రెండును కలిసినప్పుడే పైన చెప్పినటువంటి మర పుట్టును.

మర వేయించుటకు ముందు మీరు స్వయముగా చేయదగిన పరీక్ష ఒకటి కలదు. మూలమట్టము లేకపోయినను ఫరవాలేదు. కోసిన గొట్టపు రెండు ముక్కలను కోసిన కొనలు ఎదురెదురుగా బల్లమీద పెట్టి ఆనింపుడు. తరువాత ఒకదానిని కదలించకుండ రెండవదానిని సగము చుట్టు త్రిప్పుడు. కోత నిలువైనదైనచో ఎట్లు త్రిప్పినను సందు కనబడదు. వాలినదైనచో సందు తెరచుకొనును, అదియు అసలు వాలుకు రెండింతలుగా. ఒక మిల్లీమీటరు వాలు రెండు మిల్లీమీటర్ల సందుగా కనబడును గనుక ముసలివారి కంటికి కూడ ఆనును. సందు కనబడినచో మర వేయింపవద్దు. మరల కోయింపుడు. పోవునది వ్రేలెడు గొట్టము.

మర పడిన తరువాత సాకెట్టును చేతితో త్రిప్పి చూడవలెను. మూడు నాలుగు చుట్లు చేతితో నిలువుగా ఎక్కి, ఆపైన పానాతో బిగియవలెను. మొదటినుండియు పానా కోరినచో మర సరిగా పడలేదు. చివరిదాక చేతితోనే పోయినచో మర లోతు ఎక్కువైనది, గోడ పలుచబడినది. జింకు పూత పోయిన చోటులకు, మరలు బయట మిగిలిన భాగమునకు, జింకు పెయింటు రెండు పూతలు వేయుడు. మోటారుకు విడిగా ఒక గట్టి త్రాడు కట్టి బోరు పైన బిగించుట ఎప్పుడును మంచిదే. గొట్టము తెగిన దినమున అదియే మోటారును నిలుపును.

కస్టం హైరింగు కేంద్రము నడుపు రైతు సంఘములు ట్రాక్టరు పనిముట్లతోపాటు ఒక చిన్న బ్యాండ్‌సా, రెండు మూడు రకముల పట్టీలు, ఒక మంచి డైసెట్టు ఉంచుకొనుట గురించి ఆలోచింపవచ్చును. గ్రామములోని బోరులన్నియు ఒకే సమయమున చెడవు గనుక ఒక యంత్రము అందరికి సరిపోవును. దానిని నడుపు మనిషి ఒకడే ఉండుట మేలు. యంత్రమునకు ఎర్తింగు తప్పక ఉండవలెను; తడికాళ్లతో, వదులైన పంచెతోగాని, చేతి తొడుగులతోగాని పట్టీ దగ్గరకు పోరాదు. తొడుగు చిక్కినచో చేతిని కూడ లాగుకొనిపోవును. చక్రముల మూతలు తీసి నడుపరాదు. పట్టీ మార్చునప్పుడు మాత్రము, ప్లగ్గు పీకిన తరువాత, తొడుగులు వేసికొనవలెను. చుట్టిన పట్టీ విప్పినప్పుడు పామువలె ఎగిరి ముఖముమీదకు వచ్చును.

చివరగా రజను సంగతి. పశువుల కొట్టము గేటు పని చాలసార్లు కొట్టము ముందరనే జరుగును. కోత తరుగు, విరిగిన పళ్లు, కట్టుతీగ ముక్కలు, వెల్డింగు రాడ్ల కొనలు అక్కడనే రాలి మేతలో కలియును. ఆవు, గేదె మేతను ఏరి తినవు, నాలుకతో చుట్టి మ్రింగును. ఇనుపముక్క పోయి రెండవ కడుపులో, తేనెపట్టువంటి గదిలో, ఆగును. ఆ గదికి గుండెకు మధ్య దూరము చాల స్వల్పము. వాడియైన తీగముక్క ఆ గోడను చీల్చుకొని గుండె సంచిని గుచ్చును. పశువు మేత మాని, మోచేతులు ప్రక్కకు చాచి నిలిచి, ఏటవాలు దిగుటకు మూల్గుచు, పాలు ఒక్కసారి తగ్గించినచో ఈ అనుమానము పెట్టుకొని వెంటనే పశువైద్యునికి చూపుడు. కోత పనిని కొట్టమునకు దూరముగా, గోనెపట్టా పరచి దానిమీద చేయింపుడు. పని ముగిసిన తరువాత పాత స్పీకరులోని అయస్కాంతమును గుడ్డలో చుట్టి నేలమీద అంతట త్రిప్పుడు. అంటుకొనిన రజనును గుడ్డతో కూడ ఊడదీసి గుంతలో పూడ్చవలెను.